స్నానపుగది జీర్ణోద్ధరణ



గ్రంథాలయ రజతోత్సవ సభలో స్నానపుగదిని గూర్చిన ప్రసంగమా యని కొందరికి నవ్వు రావచ్చును. కవిత్వమును గూర్చియో, చరిత్రమును గూర్చియో చెప్పవలసిన వేదికపై తూములను, గచ్చులను ప్రస్తావించుట తగునా యని పెద్దలు సందేహింపవచ్చును. కాని చదివిన విషయము ఇంటికి చేరి, అక్కడ ఒక పనిగా మారినపుడే గ్రంథాలయము సార్థకమగును. ఇంటిలో అన్ని గదులకంటె ఎక్కువ నీరు త్రాగునది, అన్నిటికంటె ముందు పాడగునది స్నానపుగది. అయినను ఇల్లు బాగుచేయుటకు పూనుకొనిన గృహస్థు మొదట వీధివసారాకు రంగు వేయించును. స్నానపుగది మాట వచ్చునప్పటికి “వచ్చే పంటకు చూతములే” యనును. ఆ పంట వచ్చుచునే యుండును. ఆ గది అట్లే యుండును.

పూర్వము తెలుగు పల్లెలలో స్నానమునకై ప్రత్యేకమైన గది కొలది యిండ్లలో మాత్రమే యుండెడిది. పురుషులు చెరువులోనో, నూతిచప్టాపైననో స్నానము చేసెడివారు. స్త్రీలకు దొడ్డిలోని తాటాకుల దడియే చాటు. ప్రక్కన మూడు రాళ్ళపై నీళ్ళకాగు, కాళ్ళక్రింద ఒక నాపబండ. బండపైనుండి జారిన నీరు అరటిపాదునకు పోయెడిది. ఆ యేర్పాటున లోపములు చాల కలవు. తెల్లవారకముందే స్త్రీలు స్నానము ముగించుకొనవలసి వచ్చెడిది. వానకాలమున అడుగంతయు బురద. అయినను దానియందు ఒక గుణము లేకపోలేదు: నీరు నిలువక పారెడిది, ఎండ తగిలెడిది, గాలి యాడెడిది. తరువాత ఇటుకగోడలు, సిమెంటు గచ్చు, రేకుల కప్పు వచ్చినవి. చాటు దొరకినది, కాని యెండయు గాలియు లోనికి రావడము తగ్గిపోయినది. గచ్చు వాలు సరిగా లేనిచోట నీరు నిలిచినది. నిలిచిన నీరు పాచి పట్టించినది, గోడలోనికి చెమ్మ యెక్కించినది.

2014 అక్టోబరు 2వ తేదీన ఆరంభమైన స్వచ్ఛభారత్ ఉద్యమమున అర్హులైన గ్రామీణ కుటుంబములకు మరుగుదొడ్డి నిర్మాణమునకై 12,000 రూపాయల ప్రోత్సాహకము ఏర్పడినది. దానివలన లక్షలాది యిండ్లకు మరుగుదొడ్డి వచ్చినది. కాని దాని సరసనే యున్న పాత స్నానపుగది పెక్కు చోట్ల పగిలిన గచ్చుతో, గడియలేని తలుపుతో అట్లే నిలిచియున్నది. దాని వలని కష్టము ఇంటిలో అందరికి సమానముగా పంచబడదు. పడుచువాడు జారినను లేచి దులుపుకొనిపోవును. డెబ్బదియేండ్ల అవ్వ జారినచో తుంటియెముక విరుగును. అట్లు మంచము పట్టిన పెద్దలు తిరిగి నడువలేకపోవుట ప్రతి గ్రామమునకును తెలిసిన విషయమే. గర్భిణికి ఆ పాచిగచ్చు ప్రతిదినము ఒక గండము. గడియ సరిగా పడని తలుపు వెనుక ఆడపిల్ల నిశ్చింతగా నాలుగు చెంబులు నీళ్ళు పోసికొనజాలదు. కావున స్నానపుగదిని బాగుచేయుట విలాసము కాదు. ఇంటిలో బలహీనులైనవారికి చెల్లింపవలసిన బాకీ.

డబ్బు తక్కువగా నున్నవారు ఈ పనిలో పాటింపవలసిన సూత్రము ఒక్కటే. ఉన్న డబ్బును ముందుగా కంటికి కనబడని చోట పెట్టవలెను. గచ్చు వాలు, తూము, గోడలోనికి చెమ్మ పోకుండ వేయు పూత, ఈ మూడును పని ముగిసిన తరువాత కనబడవు. కనబడనివి గనుకనే జనులు వాటిపై పొదుపుచేసి, మెరయు పలకలకును, వంకరతిరిగిన కుళాయిలకును ఖర్చుపెట్టుదురు. రెండు వర్షాకాలములు గడచునప్పటికి మెరుగు క్రిందినుండి చెమ్మ పైకి వచ్చును, పలకలు ఊడును, పెట్టిన డబ్బు రెండవసారి పెట్టవలసివచ్చును. బీదవానికి అన్నిటికంటె ఖరీదైన పని రెండుసార్లు చేయు పనియే.

ఈ సూత్రము క్రొత్తది కాదు. సింధునదీ తీరమున, నేటి పాకిస్తాను దేశమున నున్న మొహెంజొదారో పట్టణమున సుమారు 4,500 సంవత్సరములకు పూర్వమే ఇండ్లలో ఇటుకలు పరచిన స్నానపుగదులుండెడివి. వాటి గచ్చు ఒక మూలకు వాలుగా నుండి, నీరు గోడలోని తూముద్వారా వీధికాలువకు పోయెడిది. అచ్చటి మహాస్నానవాటిక సుమారు 12 మీటర్ల పొడవు, 7 మీటర్ల వెడల్పు, 2.4 మీటర్ల లోతు గలది. నీరు ఊరిపోకుండ దాని యిటుకల వెనుక తారుపూత పూసిరి. ఆ పూత స్నానము చేయువారికి కనబడెడిది కాదు; అయినను ఆ నిర్మాతలు దానినే ముఖ్యముగా నెంచిరి. అట్లే, మురుగుకాలువ దుర్గంధము ఇంటిలోనికి రాకుండ ఆపు వంకరగొట్టమునకు 1775లో ఇంగ్లండున అలెగ్జాండర్ కమ్మింగ్ అను గడియారముల పనివాడు పేటెంటు పొందెను. వంపులో ఎల్లప్పుడును కొంచెము నీరు నిలిచి, వాయువునకు తలుపువలె పనిచేయును. నేడు తాపీమేస్త్రులు నహానీట్రాపు అని పిలుచు వస్తువునకు మూలసూత్రమిదియే.

పని మొదలిడుటకు ముందు గదిని పరీక్షింపవలెను. దీనికి కాసు ఖర్చు లేదు. ఒక బిందెడు నీరు గచ్చుపై పోసి పావుగంట తరువాత చూడవలెను. నీరు నిలిచినచోట సుద్దముక్కతో గీత గీయవలెను. ఒక రూపాయి నాణెముతో గచ్చును, గోడపూతను తట్టుచు పోవలెను. గట్టిగా పలికినచోట పూత క్షేమము. డొల్లగా పలికినచోట లోపల అంటు విడిచినదని గ్రహింపవలెను. తరువాత గోడకు ఆవలి ప్రక్క చూడవలెను. ప్రక్కగదిలో మోకాలెత్తున రంగు పొరలుగా లేచి, తెల్లని ఉప్పు పొడి రాలుచున్నచో స్నానపుగది నీరే అచ్చటికి చేరుచున్నదనుకొనవచ్చును. ఆ చెమ్మను ప్రక్కగదిలో ఎంత రంగు వేసినను కప్పలేము. మూలము స్నానపుగదిలోనే మాన్పవలెను. చివరగా తూము వద్ద వాసన చూడవలెను. నిత్యము వాడు గదిలో దుర్గంధము వచ్చుచున్నచో ట్రాపు పగిలియుండును, లేదా దానిలోని గిన్నె తీసి పారవేసియుందురు.

పరీక్ష ముగిసిన తరువాత ఒక నోటుపుస్తకమున లెక్క వ్రాయవలెను. వ్రాయని లెక్క ఎప్పుడును మించిపోవును. ఉదాహరణకు 5 అడుగుల వెడల్పు, 7 అడుగుల పొడవు గల గదిని తీసికొందము. గచ్చు వైశాల్యము 35 చదరపుటడుగులు. నాలుగు గోడల చుట్టుకొలత 24 అడుగులు. తలుపునకు రెండున్నర పోగా 21.5 అడుగులు. నీళ్ళు చిందు నాలుగడుగుల ఎత్తువరకు గోడ వైశాల్యము 86 చదరపుటడుగులు. గచ్చుపై సగటున 2 అంగుళముల మందమున, ఒకటికి నాలుగు పాళ్ళ ఇసుకతో సిమెంటు వేసినచో సుమారు ఒకటింబాతిక బస్తా పట్టును. గోడకు అరంగుళపు పూతకు ముప్పాతిక బస్తా. నీటిని నిరోధించుటకు గచ్చుపై ఒకటికి మూడు పాళ్ళలో వేయు పలుచని పూతకు అరబస్తాకు లోపు. సిమెంటుపాలకును, చిల్లర మరమ్మతులకును కలుపుకొని 50 కిలోల బస్తాలు మూడు, ఇసుక 12 ఘనపుటడుగులు చాలును. ఒక అడుగు కొలత గల పలకలు గచ్చుకు 35 కావలెను; విరుగుటకును కోతకును నూటికి పది చొప్పున చేర్చి 39 కొనవలెను. ఈ విధముగా లెక్క చేతనుంచుకొనినవాడు దుకాణమునకు పోయినపుడు అంగడివాని మాటలకు లోబడి అయిదు బస్తాలు తెచ్చుకొనడు. తెరచిన సిమెంటు చెమ్మకు గడ్డకట్టి చెడునని మరువరాదు.

లెక్క కుదిరిన పిదప కాలము నిర్ణయింపవలెను. సంక్రాంతి పిదప పంటడబ్బు చేతికి వచ్చి, పొలముపని కొంత తగ్గి, ఎండలు ముదురకముందు గల మాఘ ఫాల్గుణ మాసములు ఇందుకు అనుకూలము. నడివేసవిలో సిమెంటు తడి త్వరగా ఆరి గచ్చు బీటలువారును. వానలలో ఇంకుడుగుంత త్రవ్వుట సాధ్యము కాదు. పని జరుగు రెండు మూడు వారములు ఇంటివారు స్నానము చేయుటకు దొడ్డిలో తడికలతో ఒక చాటు ముందే కట్టుకొనవలెను. ఈ ఏర్పాటు లేకున్న తడిగచ్చుపైననే కాలు పెట్టి, పని పాడుచేసికొందురు.

ఇంటివారు తమ చేతులతో చేసికొనదగిన పనులు కొన్ని, చేయరానివి కొన్ని కలవు. పాతగచ్చు పగులగొట్టుట, రాళ్ళు తట్టలతో మోయుట, ఇసుక జల్లించుట, గోడను ఉలితో గరుకు కొట్టుట, తడి పెట్టుట, సున్నము వేయుట, తలుపునకు రంగు పూయుట, ఇవన్నియు ఇంటిల్లిపాది పంచుకొని చేయవచ్చును. కూలిలో పెద్దభాగము ఇందులోనే మిగులును. ట్రాపు నిలుపుటకును, గచ్చు వాలు తీయుటకును చేయి తిరగని వారు ఒకదినము తాపీమేస్త్రిని పిలుచుకొనుట మంచిది. ఆ దినము ఇంటిలోని యువకుడు మేస్త్రి ప్రక్కన నిలిచి పని నేర్చుకొనిన మరుసటి మరమ్మతునకు కూలి అక్కరలేదు. విద్యుత్తు పని మాత్రము తెలిసినవాడే చేయవలెను. అందు పొదుపునకు తావు లేదు. ఇంటి కప్పు పాత సిమెంటు రేకులదైనచో వాటిని కోయుట, పగులగొట్టుట కూడదు. వాటిలో ఆస్‌బెస్టాసు అను పీచు ఉండవచ్చును; దాని ధూళి ఊపిరితిత్తులలో చేరిన ఏండ్ల తరువాత ప్రాణాంతకమైన వ్యాధి కలిగించును. తీయక తప్పనిచో నీటితో తడిపి నిండురేకుగనే దించవలెను. సిమెంటు తడిగా నున్నపుడు చర్మమును తినివేయును. కావున చేతులకు రబ్బరుతొడుగులు, పొడిపని చేయునపుడు ముక్కునకు గుడ్డ కట్టుకొనవలెను.

ఇక పని క్రమము. పాతగచ్చు డొల్లగా నున్నంతవరకు తీసివేసి, దుమ్ము లేకుండ ఊడ్చి కడుగవలెను. తరువాత మొదట కూర్చవలసినది ట్రాపు. దానిలో నీరు కనీసము 2 అంగుళముల లోతున నిలువవలెను. ట్రాపు మూతి గదిలో అన్నిటికంటె పల్లమైనచోట, తలుపునకు దూరముగ నుండవలెను. దానినుండి బయటికి పోవు పి.వి.సి. గొట్టము 3 అంగుళములకు తక్కువ కారాదు. ఐ.ఎస్.ఐ. గుర్తు గల గొట్టము నాసిరకపు దానికంటె కొంచెము ప్రియమే. కాని గచ్చు క్రింద పాతిన గొట్టమును మార్చుటకు మరల గచ్చంతయు పగులగొట్టవలెను. కొసరవలసినచోటు అది కాదు.

గచ్చు వాలు ప్రతి 5 అడుగులకు ఒక అంగుళము చొప్పున నుండవలెను. 7 అడుగుల పొడవు గల గదిలో ఇది దాదాపు ఒకటిన్నర అంగుళమగును. ఇంతకంటె తక్కువైన నీరు నిలుచును. చాల ఎక్కువైన వృద్ధులు తూలుదురు. గోడపై చుట్టును రసమట్టముతో ఒక సమమైన గీత గీచి, దానినుండి క్రిందికి కొలతలు వేసి, దారము కట్టి వాలు తీయవలెను. రసమట్టము లేనివారు పారదర్శకమైన సన్నని గొట్టములో నీరు నింపి వాడుకొనవచ్చును. రెండు కొనలలో నీరు ఎల్లప్పుడును ఒకే మట్టమున నిలుచును. గది గచ్చు ప్రక్కగది గచ్చుకంటె కనీసము ఒక అంగుళము పల్లముగ నుండునట్లు చూచుకొనవలెను.

ఇసుకను పరీక్షించుటకు ఒక గాజుసీసాలో ఇసుక, నీరు పోసి బాగుగా కుదిపి కొన్ని గంటలు కదల్పక ఉంచవలెను. ఇసుకపై తేరిన మట్టిపొర, ఇసుక ఎత్తులో పన్నెండవవంతునకు మించినచో ఆ ఇసుక కడిగి వాడవలెను. సిమెంటు నీరు తగిలిన అరగంటకు బిగియ నారంభింపవచ్చును. కావున ఒక్కొక్క పర్యాయము అరగంటలో వాడగలిగినంతే కలుపవలెను. గట్టిపడినదానిలో మరల నీరు పోసి కలుపుట ఇసుకనే వేసినట్లగును. నీరు ఎక్కువ పోసిన పని సులభమగును గాని బలము తగ్గును.

వాలు తీసిన తరువాత నీటినిరోధక ద్రవమును డబ్బాపై వ్రాసిన ప్రమాణమున సిమెంటులో కలిపి పలుచని పూత వేయవలెను. ఈ పూత గచ్చుతో ఆగరాదు. గోడలకు చుట్టును కనీసము ఒక అడుగు ఎత్తువరకు, నీళ్ళు పోసికొనుచోట నాలుగు అడుగుల వరకు ఎక్కించవలెను. గోడయు గచ్చును కలియుచోట లంబకోణముగ విడువక గుండ్రముగ నునుపు చేయవలెను. చెమ్మ గోడలోనికి దిగునది ముఖ్యముగ ఆ మూలనుండియే. పూత గట్టిపడిన పిదప గచ్చుచుట్టు మట్టికట్ట వేసి 7 దినములు నీరు నిలుపవలెను. ఎండ తీవ్రముగా నున్న 10 దినములు. సిమెంటు ఆరుటవలన గట్టిపడదు, తడిలో నుండుటవలన గట్టిపడును. తడిపెట్టుటకు కావలసినది ఓపికయే. ఇంటి పెద్దలును పిల్లలును ఉదయము సాయంకాలము చూచుకొనవచ్చును.

పలకలు పరచుటకు ముందు చివరి పరీక్ష చేయవలెను. ట్రాపు మూతిని గుడ్డతో బిగించి, గచ్చుపై రెండంగుళముల నీరు నిలిపి, మట్టమును గోడపై గుర్తించి 24 గంటలు, వీలైన 48 గంటలు ఆగవలెను. ఎండకు ఆరినదానికంటె ఎక్కువగా మట్టము దిగినను, ఆవలిగోడ చెమర్చినను లోపము మిగిలినదని తెలియును. ఆ లోపమును అప్పుడే సవరించుట కొలది సిమెంటుతో తీరును. పలకలు వేసినపిదప తెలిసినచో పలకలన్నియు పోవును.

పైపరపు విషయమున తెలుగుదేశమునకు ప్రకృతియే సహాయము చేసినది. కడప రాయి, బేతంచెర్ల నాపరాయి, తాండూరు బండ, ఇవి చవుకగ దొరకును. నునుపు చేయని ముఖముతో పరచినచో తడిలోను కాలు జారదు. వాటి గనులకు దూరముగనున్న గ్రామములవారు రవాణాఖర్చు లెక్కవేసికొని, కావలసినచో గరుకు ముఖము గల టైల్సు వాడుకొనవచ్చును. దుకాణములలో పెద్దపనులనుండి మిగిలిన చిల్లరసరుకు తక్కువ ధరకు లభించును. ఒక చిన్నగదికి అది చాలును. మెరుపు టైల్సు గోడకే గాని గచ్చుకు తగవు. గోడకు నాలుగడుగుల వరకు టైల్సు కొనలేనివారు నునుపైన సిమెంటుపూతతో సరిపెట్టుకొని, దానిపై ఎత్తున సున్నము వేయవచ్చును. చెమ్మగోడకు నూనెరంగు తగదు, లోపలి తడి పోవుటకు దారి లేక పొక్కులు లేచును. సున్నము తడిని బయటికి పోనిచ్చును. ఏటేట వేసికొనుటకు ఖర్చును స్వల్పమే.

గచ్చు సిద్ధమైన తరువాత ఇంటిలోని మిక్కిలి బలహీనుని మనసులో పెట్టుకొని మిగిలిన యేర్పాట్లు చేయవలెను. నీళ్ళు పోసికొనుచోట గోడకు, నేలనుండి సుమారు 3 అడుగుల ఎత్తున ఒక చేతికమ్మి గట్టిగా బిగించవలెను. ఇటుకలో లోతుగా దిగిన మరలతో బిగించినది గాక, ఊరక అంటించినది ప్రమాదమే. కూర్చుండి స్నానము చేయుటకు ఇటుకలతో ఒక చిన్న అరుగు కట్టుట మంచిది. తలుపు బయటికి తెరచుకొనునట్లు పెట్టవలెను. లోపల పడిపోయిన మనిషి దేహము తలుపునకు అడ్డుపడినపుడు లోనికి తెరచు తలుపు తీయుటకు వీలుకాదు. గడియ లోపలినుండి ధృఢముగ పడవలెను. బట్టలకు రెండు చిలుకకొయ్యలు, సబ్బునకు ఒక గూడు, ఇవి చాల చిన్నవి. కాని తడిచేతులతో వంగి వెదకుకొను అవస్థ తప్పించును. కంటిమట్టమునకు పైన గాలికిటికీ తప్పక యుండవలెను. గాలి యాడని గదిలో ఎంత మంచి గచ్చునకైనను పాచి పట్టును.

వేడినీటి ఏర్పాటునందు జాగ్రత్త అత్యవసరము. కరెంటు రాడ్డును బక్కెటలోనుంచి, అది పనిచేయుచుండగనే నీటిలో వ్రేలు పెట్టి చూచుట ప్రాణముతో ఆట. స్విచ్చి గది బయట నుండవలెను. ఎర్తుతీగ విధిగ నుండవలెను. 30 మిల్లీ ఆంపియర్ల విద్యుత్తు దారితప్పినంతనే కరెంటును ఆపివేయు రక్షకయంత్రము ఒకటి పెట్టించుకొనుటకు అయ్యెడి ఖర్చు, టైల్సులో నాలుగు తగ్గించుకొనియైనను భరింపదగినది. గ్యాసుతో నీరు కాచు యంత్రమును మూసిన స్నానపుగదిలో ఎంతమాత్రము పెట్టరాదు. దానినుండి వెలువడు కార్బన్ మొనాక్సైడునకు వాసన లేదు, రంగు లేదు; లోపలి మనిషి తెలియకయే స్పృహ తప్పి మరణించును.

గదినుండి బయటికి వచ్చిన నీటికిని ఒక గతి కల్పింపవలెను. అయిదుగురు గల కుటుంబమున ఒక్కొక్కరు 20 లీటర్ల బక్కెటలు రెండు వాడినచో దినమునకు 200 లీటర్లు. ఇది వీధిలోనికి విడిచిన బురదయగును. బురదలో క్యూలెక్సు దోమలు పెరుగును. బోదకాలు వ్యాధిని వ్యాపింపజేయునవి ఆ దోమలే. కావున దొడ్డిలో ఒక మీటరు పొడవు, వెడల్పు, లోతు గల ఇంకుడుగుంత త్రవ్వి, క్రింద పెద్దరాళ్ళు, పైన చిన్నరాళ్ళు నింపవలెను. గుంతకు ముందు సబ్బునురుగు, వెండ్రుకలు ఆగుటకు చిన్న తొట్టె ఉంచి దానిని అప్పుడప్పుడు శుభ్రపరచవలెను. నూతికి 10 మీటర్లకు తక్కువ దూరమున గుంత త్రవ్వరాదు. నల్లరేగడి నేల నీటిని త్వరగా ఇంకనీయదు. అట్టి గ్రామములలో ఆ నీటిని అరటి, చేమ పాదులకు మళ్ళించుట మేలు. పెద్దలు దడిచాటున చేసిన పని ఈ ఒక్క విషయమున నేటికిని ఆదర్శమే. లోపలి నీళ్ళతొట్టికి మూత యుండవలెను. వారమునకొకసారి ఖాళీచేసి తోమి ఆరవేయవలెను. డెంగ్యూ జ్వరమును తెచ్చు దోమ మంచినీటియందే గ్రుడ్లు పెట్టునది.

ఇంత శ్రమపడి బాగుచేసిన గదిని కాపాడుకొనుటకు కొలది నియమములు చాలును. స్నానము ముగిసిన తరువాత నీటిని చీపురుతో ట్రాపువైపు నెట్టి, తలుపు కొంతసేపు తెరచియుంచవలెను. వారమునకొకసారి గచ్చును కొబ్బరిపీచుతో రుద్దవలెను. ఆసిడు పోసి కడుగుట అలవాటు చేసికొనరాదు. అది పలకల సందులలోని సిమెంటును తినివేయును. ఆసిడును, బ్లీచింగు పొడిని కలిపిన విషవాయువు పుట్టును. ఒకటి వాడినచోట రెండవది వాడరాదు. కుళాయి బొట్లు బొట్లుగ కారుచున్నచో రాత్రి క్రింద ఒక గిన్నె పెట్టి, తెల్లవారి కొలిచి చూచినవారు అయిదు రూపాయల వాషరు మార్చుటకు మరునాటివరకు ఆగరు.

ఒకేసారి ఇంత పని చేయుటకు శక్తిలేని కుటుంబములు నిరాశపడనక్కరలేదు. ఈ సంవత్సరము ట్రాపు, వాలు, పూత. వచ్చే సంవత్సరము చేతికమ్మి, తలుపు, గాలికిటికీ. ఆ పై సంవత్సరము గోడపలకలు. ఈ వరుసలో చేసినచో మొదటి సంవత్సరపు పనిని తరువాతి పని పాడుచేయదు. తలక్రిందుగ చేసినచో ప్రతి సంవత్సరము వెనుకటి సంవత్సరపు డబ్బు పగులగొట్టి పారవేయవలెను. కాని ఇంటిలో నడువలేని వృద్ధులున్నచో చేతికమ్మిని మాత్రము మొదటి దినముననే బిగింపవలెను. అది వచ్చే యేటి వరకు ఆగు విషయము కాదు.

ఈ సందర్భమున గ్రంథాలయములు చేయదగిన సేవయొకటి కలదు. ఒక కొలతబద్ద, రసమట్టము, మూలమట్టము, తూకపుగుండు, రెండు ఉలులు, ఒక టైల్సు కోయు పనిముట్టు, ఇవి ప్రతి కుటుంబము కొనుట వ్యర్థము. పదేండ్లకొకసారి మాత్రమే అవసరపడును. అమెరికాలోని బర్క్‌లీ పట్టణ గ్రంథాలయము 1979 నుండి పుస్తకములవలెనే పనిముట్లను గూడ పాఠకులకు ఎరువిచ్చుచున్నది. తెలుగు గ్రామములలోని గ్రంథాలయములును ఒక చిన్న పెట్టెలో ఈ పరికరములుంచి, పుస్తకమునకువలెనే చేవ్రాలు తీసికొని, పదునైదు దినములకు ఇచ్చి పుచ్చుకొనవచ్చును. గృహనిర్మాణమును, ఆరోగ్యమును గూర్చిన పుస్తకములు అదే అలమరలో నుండినచో చదువును చేతిపనియు ఒకేచోట కలియును. ఒక యింట మరమ్మతు చేసి నేర్చుకొనిన యువకుడు రెండవ యింటికి చేయూత నిచ్చును. అట్లు వీధిలో నాలుగిండ్లవారు వంతులవారీగ పనిచేసికొనినచో కూలిఖర్చు ఇంకను తగ్గును. మేస్త్రి నలుగురికి ఒక దినములో వాలు తీసియిచ్చును.

ఇంటికి వచ్చిన అతిథి వీధివసారాను చూచి మెచ్చుకొనును. ఆ యింటి కోడలు, ఆ యింటి ముదుసలి, ఆ యింటి బిడ్డ దినమును ఆరంభించునది దొడ్డివైపు గదిలో. ఆ గదిలో నీరు నిలువక పారి, కాలు జారక నిలిచి, గడియ గట్టిగ పడినచో వారు నిశ్చింతగ స్నానము చేసి బయటికి వత్తురు. అందుకు కావలసినది మూడు బస్తాల సిమెంటు, కొన్ని దినముల శ్రమ, సరియైన వరుస. వీటిని గ్రామమున ప్రతి కుటుంబము సమకూర్చుకొనగలుగుగాక యనియు, ఇట్టి ఉపయోగకరమైన విజ్ఞానమును పంచిపెట్టుచు ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవమును గూడ జరుపుకొనుగాక యనియు కోరుచు ఈ ప్రసంగము ముగింపబడుచున్నది.